గొడుగుల బాతు

"ఈ బాతు మాత్రం నాకొద్దండీ!"

కార్యదర్శి గొంతుకి హాల్లో బల్లలు సర్దుతున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. ఆమెకీ, బాతు తెచ్చిన పెద్దావిడకీ మధ్య నడుమెత్తు పింగాణీ బాతు నోరు తెరుచుకుని నిలబడి ఉంది. దాని వీపున పెద్ద బొక్క. అందులో గొడుగులు పెట్టుకోవాలట.

"పిల్లల కోసమే కదమ్మా ఇస్తున్నాను," అంది పెద్దావిడ.

"పాత సామాను అమ్ముతామన్నాం కానీ మరీ ఇలాంటివా? నేను కార్యదర్శినై మూడేళ్ళయింది. మూడేళ్ళూ బాతే! ఇదే ఆఖరిదా, ఇంకా వస్తాయా?"

"ఇదే ఆఖరు కావాలని నా కోరిక కూడానమ్మా. ఈసారైనా కాస్త దూరం వాళ్ళకి అమ్ము తల్లీ," అనేసి, పెద్దావిడ వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

కార్యదర్శికి ఒళ్ళు మండిపోయింది. బడిలో జీతాలకీ పుస్తకాలకీ లోటు లేదు. పిల్లలకి ఆటలు, పాటలు, ఈత అనేసరికి అందరూ ఈ తల్లిదండ్రుల సంఘం మొహమే చూస్తారు. సంఘానికి వచ్చేవేమో మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు. పొద్దున ఒకాయన ఒంటి చెప్పు ఇచ్చి, రసీదు కూడా అడిగాడు. సలహాలిచ్చిన సభ్యులు బల్లలు మొయ్యాల్సిన వేళకి ఒక్కరూ కనబడలేదు.

అయినా ఆమె వదిలెయ్యలేకపోయింది. బడి వెనకే ఏరు. పోయినేడు రెండో తరగతి పిల్ల ఒకతి కొట్టుకుపోతూ, కొమ్మ దొరికి బతికింది. ఈత నేర్పే ఆయన సాయంత్రం దాకా చూస్తానన్నాడు. ఈలోగా డబ్బు కట్టకపోతే ఈ ఏడు వేరే బడికి ఒప్పుకుంటాడు.

మధ్యాహ్నానికి కూడా బల్లలమీద సరుకు ఉన్నది ఉన్నట్టే ఉంది. వచ్చినవాళ్ళు అన్నీ తడిమి చూసి, ఎండ గురించి మాట్లాడుకుని పోతున్నారు. అప్పుడు కార్యదర్శి భర్త ఆమె మోచేతిని పొడిచాడు.

"అడుగో, మీ బాతాయన వచ్చాడు!"

ఆ పేరు పెట్టింది అతనే. ఆ పెద్దమనిషి ఏటా ఇలాగే వచ్చి, మరో వస్తువు వైపు చూడకుండా బాతుని కొనుక్కుపోతాడు. ఈసారీ మూలనున్న దాన్ని చూసి, "హమ్మయ్య, వచ్చిందన్నమాట," అన్నాడు.

పొద్దుట్నించీ అణుచుకున్న విసుగంతా కార్యదర్శి నాలుక మీదికి వచ్చింది. "ఈసారి ధర రెట్టింపండీ!"

"సరేనమ్మా."

ఆమెకి మతిపోయింది. బేరమాడని మనిషిని ఆ హాల్లో చూడటం అదే మొదలు. డబ్బిచ్చేసి ఆయన, బాతుని ఎత్తబోతున్న ఆమె భర్తని ఆపాడు.

"బాబూ, మెడ పట్టుకోకు. అక్కడ అతుకుంది."

ఏ అతుకూ ఆమె కంటికి కనబడలేదు. గోరుతో గీరి చూస్తే సన్నగా తగిలింది.

"మీరేమన్నా పురాతన వస్తువుల వ్యాపారమా?" అంది అనుమానంగా.

"అబ్బే, ఇంట్లోకేనమ్మా. దానికో చోటుంది," అని ఆయన బాతుని చంటిపిల్లలా చంకనెత్తుకుని వెళ్ళాడు.

"చూశారా? ముట్టుకోకుండానే అతుకెక్కడో చెప్పాడు. ఆ బాతులు ఎంత ఖరీదైనవో ఏమో!" అంది కార్యదర్శి. "పాపం, ఆవిడ చెత్తనుకుని మన మొహాన పడేస్తోంది. ఈయన జత కలుపుకుంటున్నాడు. మధ్యలో దళారీలం మనం!"

"డబ్బొచ్చింది. ఈతాయనకి కట్టేసి ఇంటికి పద," అన్నాడు భర్త.

"ఆవిడకి చెప్పకుండా ఎలా కడతాం?"

"చెబితే ఆవిడ ఆ డబ్బు తనకిమ్మంటుంది. అప్పుడు ఈతా ఉండదు, గీతా ఉండదు. తెలిసే వెళ్తున్నావా?"

"తెలిసే!" అని అరిచింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒక ముసలావిడని మోసం చేసిన డబ్బుతో పిల్లలకి ఈత నేర్పిస్తానా? ఛీ, ఈ పదవి నాకు ఎవడు అంటగట్టాడో కానీ!"

పోస్టాఫీసు వెనక సందులో నీలం గేటు. లోపల పెద్దావిడ ఎవరినో చెడామడా తిడుతోంది. మంచి సమయానికే వచ్చామనుకుంటూ కార్యదర్శి డబ్బు సంచీ గుండెకి హత్తుకుంది. 'ఏమీ అనుకోకండి, మీ బాతుల్ని ఒకాయన...' అని మొదలుపెట్టాలని రెండుసార్లు లోలోపల అనుకుని, తలుపు తట్టింది.

తిట్లు ఆగాయి.

తలుపు తీసింది బాతాయన.