బన్ను దొంగ

"జేబులో ఏమిటవి?" అంది భార్య, ఆస్పత్రి వరండాలో అందరూ చూస్తుండగానే.

బేకరీ మేస్త్రీ గబుక్కున చొక్కా జేబు మూసుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం.

"పిండేనే. పొద్దున్న పనిలో పడుంటుంది."

"పిండిలో నువ్వులెందుకుంటాయి?"

అంతలో లోపలికి పిలిచారు, బతికిపోయాడు.

మేస్త్రీ తలలో గడ్డకి ఆపరేషన్ అయింది, మందులు నడుస్తున్నాయి. వాటికి పథ్యం తోడైతే మేలు జరుగుతుందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు. తేల్చుకుందామని ఆస్పత్రివాళ్ళు రోగుల్లో ఎవరికి పథ్యమో, ఎవరికి మామూలు తిండో చీటీలు వేసి, కవర్లు ఇచ్చారు. మేస్త్రీకి వచ్చిన కవరు చింపి చదివింది భార్యే. ఆ రోజు నుంచీ గుడ్లు, వెన్న, ఆకుకూరలు. పిండి లేదు, పంచదార లేదు. డైటీషియన్ ఫోను చేసినా భార్యే మాట్లాడేది. పొద్దస్తమానం బన్నులు కాల్చేవాడికి అలాంటి శిక్ష పగవాడు కూడా వెయ్యడు.

డైటీషియన్ ఫైలు తెరిచింది. మేస్త్రీ కుర్చీ అంచుకి జరిగాడు. నిజం చెబితే ఇంటిదాని మూడు నెలల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. చెప్పకపోతే? తన కక్కుర్తి వల్లే గడ్డ మళ్ళీ పెరిగితే? వారం రోజులుగా ఆ భయమే అతన్ని తినేస్తోంది.

"అమ్మా, మీకొకటి చెప్పాలి."

"ఏమీ అక్కర్లేదు," భార్య చటుక్కున లేచింది. "ఆయనకి నీరసంగా ఉందమ్మా, ఇంకోసారి వస్తాం."

"నువ్వుండవే! అమ్మా, నేను రోజూ దొంగతనంగా బన్ను తింటున్నాను. ఒక్కోరోజు రెండు. మొన్న కేకు కూడా తిన్నాను. తప్పయిపోయింది."

చెప్పేసరికి అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

డైటీషియన్ వింతగా చూసింది. "తినండి. దొంగతనం దేనికి?"

"మరి పథ్యమో?"

"పథ్యమా?" ఆమె ఫైలు అతని వైపు తిప్పింది. "మీ చీటీలో వచ్చింది మామూలు తిండి కదండీ! మీకు పథ్యం ఎవరు పెట్టారు?"

మేస్త్రీ మెల్లగా భార్య వైపు తిరిగాడు. ఆవిడ చేతిసంచిని గుండెలకి అదుముకుని, డైటీషియన్ మీద విరుచుకుపడింది.

"ఒకవేళ ఆ పథ్యమే పనిచేస్తుందనుకోండి! ఊళ్ళోవాళ్ళ మొగుళ్ళందరూ బాగుపడుతుంటే, నా మొగుడొక్కడే బన్నులు తింటూ కూర్చోవాలా?"