చూసిపోదామని వచ్చిన దర్జీ

"అరవై దాటినవాళ్లని పరీక్షకి తీసుకోవట్లేదు తాతగారూ."

పరిశోధకురాలు ఓరకంట చూసి, తలెత్తకుండానే చెప్పింది. ప్రయోగశాల బయట ఆమె బల్ల ముందు వాలంటీర్ల వరుస గుమ్మం దాకా ఉంది.

"పరీక్షకి కాదమ్మా. లోపల మీరు పెంచుతున్నవాటిని ఊరికే చూసిపోదామని."

అప్పుడు తలెత్తింది. ఆయనకి ఎనభై పైనే ఉంటాయి. తెల్ల చొక్కా, మెడలో కొలతల టేపు. దర్జీ.

"అవేమన్నా చిలకలా, కుందేళ్లా? పేగుల్లో బతికే సూక్ష్మజీవులండీ. కంటికి కనబడవు."

"కనబడకపోతే పోనీలే. అవి ఉన్నచోట కాసేపు నిలబడతాను."

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"బయటివాళ్లు లోపలికి రాకూడదు," అనేసి ఆమె తర్వాతి మనిషిని పిలిచింది.

ఆయన నొచ్చుకోలేదు. వెళ్లి వరండాలో బల్ల మీద కూర్చున్నాడు.

మరుసటి మంగళవారం మళ్లీ వచ్చాడు. ఆ పై మంగళవారమూ వచ్చాడు.

మధ్యాహ్నాలు ఆ వరండా కలలో చూసినట్టుండేది.

కిటికీలో పెట్టిన ద్రాక్షతొక్కల రసం సీసాల్లోంచి ఎండ జారి, నేల మీద ఊదారంగు మడుగులు కట్టేది. ఎండబెట్టిన నారింజ తొక్కల వాసన. ఎక్కడో ఫ్రీజర్ జోల పాడుతున్నట్టు సన్నని మోత.

ఆ రంగులో పాదాలు పెట్టుకుని, గాజు తలుపుకేసి చూస్తూ కూర్చునేవాడు దర్జీ, పసిబిడ్డ నిద్రపోతున్న గది బయట కూర్చున్నవాడిలా.

ఒకరోజు ఆమెకే జాలేసి టీ తెచ్చి ఇచ్చింది.

"ఇంతకీ అవేం చేస్తాయమ్మా?"

"పండ్ల తొక్కల్లో, ఉల్లిపాయల్లో ఫ్లేవనాయిడ్లని ఉంటాయండీ. తిన్నవి తిన్నట్టు ఒంటికి పెద్దగా పట్టవు. పేగుల్లో ఈ జీవులు వాటిని ముక్కలు చేస్తాయి. ఆ ముక్కలు రక్తంలో కలిస్తే నాళాలు మెత్తబడతాయి, గుండెకి శ్రమ తగ్గుతుంది. మా ఆశ అదీ. ఇంకా రుజువు కావాలి."

దర్జీ మెడలో టేపు సవరించుకున్నాడు.

"గుడ్డ తాను తానులాగే ఉంటే ఎవరి ఒంటికి పడుతుంది? కత్తెర పడాలి. అంతేనా?"

"అంతే!"

ఆ మాట ఆమె తర్వాత రెండు సభల్లో వాడుకుంది. చప్పట్లు పడ్డాయి. అన్నదెవరో మాత్రం చెప్పలేదు.

"మరి ఒక్కసారి లోపలికి..."

"వచ్చే మంగళవారం తప్పకుండా. నేనే దగ్గరుండి తీసుకెళ్తాను, సరేనా?"

ఆయన మొహం వెలిగిపోయింది.

ఆ మంగళవారం ఆయన రాలేదు. ఆమె గమనించనే లేదు.

గమనించే తీరికేదీ? ఫలితాలొచ్చాయి. నాళాలు బిరుసెక్కిన రెండువందల మందిలో సగం మందికి ఉత్త తొక్కల పొడి ఇచ్చారు. మిగతా సగానికి పొడితో పాటు గాజు తలుపు వెనక పెంచిన జీవినీ ఇచ్చారు. ఉత్త పొడి తిన్నవాళ్లలో మార్పు అంతంత మాత్రం. జీవి అందినవాళ్ల నాళాలు హాయిగా సడలాయి. రక్తపోటు దిగింది.

ఎన్నడూ నవ్వని పెద్ద డాక్టరు నవ్వాడు.

"ఈ జీవి కోసం మనం వెయ్యి మంది కడుపులు వెతికాం. ఇంకెవరిలోనూ దొరకలేదు. ముప్పై ఏళ్ల కిందట ఈ జీవి ఉన్న నమూనా ఇచ్చిన ఆ ఒక్క మనిషి ఎవరో పట్టుకో. బతికుంటే సభ పెట్టి పిలుద్దాం."

ఆమె పాత ఫైళ్ల గదిలో దుమ్ములో కూర్చుని వెతికింది. పసుపెక్కిన అంగీకార పత్రం దొరికింది. ఒక పేరు, ఒక సంతకం, ఒక ఫోన్ నంబరు.

నంబరు ఇంకా మోగింది. ఎవరో ఆడమనిషి ఎత్తింది. పరిశోధకురాలు కాగితం మీది పేరు చదివి, ఉన్నారా అని అడిగింది.

"మామయ్య పోయి నెలయిందమ్మా. మెట్ల మీద జారిపడ్డారు. గుండె మాత్రం ఆఖరి దాకా గుండ్రాయిలా ఉందన్నారు డాక్టర్లు. మీరెక్కణ్ణుంచి?"

చెప్పింది.

"అయ్యో, మీరేనా! 'నా కడుపులోంచి వెళ్లినవి అక్కడ బతుకుతున్నాయటే, ఒక్కసారి చూసొస్తా'నని మంగళవారం మంగళవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని మీ దగ్గరికే వచ్చేవారు కదమ్మా, చూపించారా?"