జత జాకెట్టు

నా భార్య వకుళ పోయిన రోజు బీరువాలో ఆమె చీర నెమలికంఠం రంగులో ఉంది. ఆ నేతకు అద్దకం ఉండదు. దారంలోని సన్నని రేణువులు వెలుగును ఎలా చెదరగొడితే అదే రంగు. చీర అంచు నిమిరి రంగు మారిస్తే, జత జాకెట్టు ఎక్కడున్నా ఆ రంగుకే వస్తుంది.

పెద్దకర్మ తర్వాత చీరను మరదలు హైమకిచ్చాను. జాకెట్టు వకుళ కొలతది కనుక ఇంట్లోనే ఉండిపోయింది. రోజూ బడికి వెళ్ళేముందు బీరువా తెరిచి చూస్తాను. ఒకరోజు అది మామిడిచిగురు రంగులో ఉంటుంది, ఒకరోజు పొద్దువాలిన గోదావరిలా. నేను చూస్తుండగానే ఒక్కోసారి, ఊపిరి తీసినంత మెల్లగా మారుతుంది.

నిన్న హైమ ఫోన్ చేసింది.

"బావా, ఆ జాకెట్టు జత ఇంకా విడదీయలేదా? పాతది విడిస్తేనే కొత్తది కలుస్తుందట. నేను కుట్టించుకున్న కొత్త జాకెట్టు బూడిదరంగులోనే మొండికేసి కూర్చుంది. ఆదివారం మా పిల్ల నిశ్చితార్థం. బడిపిల్లలు హోంవర్క్ ఇలా చేస్తే ఊరుకుంటారా మీరు?"

"రేపు విడదీస్తానమ్మా," అన్నాను.

ఈ ఉదయం జాకెట్టు ముదురు పసుపులో ఉంది. వకుళ ఎన్నడూ ఎంచుకోని రంగు. చేతుల మడత సరిచేసి బీరువా మూశాను.

ఈరోజు శనివారం. కాజాల పట్టీ రెండుసార్లు నొక్కితే జత విడిపోతుంది. ఇంకా నొక్కలేదు.