తొట్టికి కాపలా

“మామయ్యా, నాలుక మీద మాత్రం వేసుకోకండి!” కోడలు ఫోన్‌లో కేక పెట్టింది.

“పులుపు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుందమ్మా మరి?”

“నీలం లిట్మస్ కాగితం ముక్క ముంచండి. ఎర్రబడితే సరిపోయినట్టే.”

“ఎర్రబడింది!” అన్నాడాయన, జీవితంలో మొదటిసారి వంట చేసినంత గర్వంగా.

కాలికి పిండికట్టుతో మంచమెక్కిన కోడలికి నవ్వాగలేదు. ఆమె థర్మల్ పవర్ స్టేషన్‌లో కెమిస్టు. బొగ్గుపొడి కలిపిన నీళ్లలో సూక్ష్మజీవుల్ని పెంచి, బొగ్గులోని గంధకాన్ని వాటిచేత తినిపించాలన్నది ఆమె ఆరేళ్ల పట్టుదల. నూటికి మూడు పాళ్లున్న గంధకం మూడు వారాల్లో ఒక పాలుకి దిగకపోతే తొట్టి పీకించేస్తానని పెద్దసారు తేల్చి చెప్పేశాడు. సరిగ్గా రెండో రోజే ఆమె మెట్ల మీద కాలు జారి పడింది. నమ్మి అప్పగించడానికి ఎవరూ దొరక్క కళ్లనీళ్లు పెట్టుకుంటే, “నేనున్నానుగా” అన్నాడు మామయ్య.

అత్తయ్య ముక్కున వేలేసుకుంది. “ఇంట్లో మంచినీళ్లు కూడా ముంచుకు తాగరు. మీరు పురుగుల్ని సాకుతారా?”

సాకాడు. గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఆయన కొత్తేమీ కాదు, చూడగానే లోపలికి వదిలేసేవాడు. “దుమ్ము పడితే పులుపు విరిగిపోతుంది, అవి చచ్చూరుకుంటాయి” అని కోడలు ఒక్కసారే చెప్పింది. అంతే, తెల్లగా దుమ్ముకొట్టుకున్న చెప్పులు తొట్టి ఉన్న షెడ్డు బయటే విడిచి, మోకాళ్ల దాకా కాళ్లు కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుంటే గానీ ఆయన లోపల అడుగుపెట్టేవాడు కాదు. నీళ్లు చల్లబడితే హీటరు పెంచేవాడు. మోటారు మొరాయిస్తే తెడ్డు పుచ్చుకుని తానే కలిపేవాడు. ఆదివారం కూడా మానలేదు.

ఒకరోజు కోడలు ఉండబట్టలేక అడిగింది. “మామయ్యా, ఇది నెగ్గితే…”

“నెగ్గాలనే కదమ్మా ఈ తిప్పలన్నీ! నువ్వు ముందు భోంచెయ్యి.”

మూడు వారాలు నిండాక ఆమె చంకకర్రల మీద షెడ్డుకి వెళ్లింది. మామయ్య పక్కనే నడిచాడు. రిపోర్టు చదువుతున్న పెద్దసారు ముఖం చూస్తే ఏమీ అంతుపట్టలేదు.

“ఒకటి కంటే తక్కువే వచ్చింది” అన్నాడు పెద్దసారు చివరికి.

కోడలు చంకకర్ర వదిలేసి మామయ్య చెయ్యి పట్టుకుంది.

“నేను చెప్పలా? మా అమ్మాయి పట్టిందంటే వదలదు!” మామయ్య నవ్వు షెడ్డంతా వినిపించింది.

పెద్దసారు ఆయన వైపు చూడకుండా గొంతు సవరించుకున్నాడు. “ఏడాదిలో పెద్ద తొట్లు కట్టేస్తామమ్మా. ఇక పొగలో గంధకాన్ని పట్టడానికి మనకి సున్నపురాయి అక్కర్లేదు. ఆ కాంట్రాక్టు పొడిగించం.”

“అంతకంటేనా సార్! ఆపేయండి” అన్నాడు మామయ్య, కోడలి చంకకర్ర తీసి అందిస్తూ.

ముప్పై ఏళ్లుగా ఆ కాంట్రాక్టు ఆయనదే.