సీటు కింద మనిషి

హెడ్‌క్లర్కు తన కారులోనే ఇరుక్కుపోయాడు.

పాత కారు. డ్రైవర్ సీటు ముందుకీ వెనక్కీ జరగడానికి బటన్ ఉంది. కారు కొంటానని మనిషొస్తున్నాడు కదా, అన్నీ ఓసారి సరిచూద్దామని ఎక్కి నొక్కాడు. సీటు కుయ్యిమంటూ ముందుకొచ్చి, ఆయన పొట్టని స్టీరింగుకి అదిమిపెట్టి ఆగిపోయింది. ఆ తర్వాత ఎంత నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఊపిరి బిగపట్టి పక్కకి జారండి," అంది భార్య.

"బిగపట్టడానికి ఊపిరుంటే కదా. మెకానిక్కి ఫోన్ చెయ్."

"చేశాను. బయల్దేరాడట."

ఆవిడకి ఆ కారు మీద బొత్తిగా దయ లేదు. అది అమ్ముడుపోతే ఆ షెడ్డులో బట్టలు కుట్టే కొట్టు పెట్టుకోవాలని ఎప్పట్నుంచో కాచుకుని ఉంది. చూడ్డానికొచ్చిన వాళ్ళెవరూ రెండోసారి రాలేదు. ఇవాళ ఆవిడ తమ్ముడు తనకి తెలిసిన ఒకాయన్ని పంపుతున్నాడు.

గేటు చప్పుడైంది. భుజాన సంచీతో ఓ నడివయసు మనిషి లోపలికి తొంగిచూశాడు.

"వచ్చావా? రా, రా. ఇంతాలస్యమా?" అన్నాడు హెడ్‌క్లర్కు.

"అది కాదండీ, నేను..."

"నీ సంగతి తర్వాత. ముందు నన్ను బయటికి లాగు."

వచ్చినాయన ఆ పొట్టనీ, ఆ స్టీరింగునీ చూశాడు. చెప్పబోయిన మాట మింగేసి, సంచీ పక్కన పెట్టి, చొక్కా చేతులు మడిచి వెనక సీట్లోకి దూరాడు.

"టార్చీ, పట్టకారు ఉన్నాయామ్మా?"

"మెకానిక్కువై ఉండి, పనిముట్లు లేకుండా వచ్చావేంటి?" అని విసుక్కున్నాడు హెడ్‌క్లర్కు. ఆవిడ రెండూ తెచ్చిచ్చింది.

కాసేపటికి సీటు కిందనుంచి గొంతు వినిపించింది.

"మోటారు బానే ఉందండీ. రెండు పక్కలకీ చెరో కేబులు. ఎడమపక్కది ఊడొచ్చింది. ఒక పక్కే కదిలేసరికి సీటు వంకరపోయి బిగుసుకుంది. నాకూ ఇలాంటి కారే ఉండేది లెండి."

"నీ కారు కథ ఇప్పుడెందుకు? ఇవాళ్టికి ఇది కదిలితే చాలు. ఇంకాసేపట్లో కొనేవాడొస్తాడు. అంటగట్టేశాక వాడి ఖర్మ."

సీటు కింద చప్పుడు ఓ క్షణం ఆగింది.

"ఇంకేమైనా రిపేర్లున్నాయాండీ?"

ఇరుక్కున్న మనిషికి మాటలే కాలక్షేపం. "లేనివేవో అడుగు. వానొస్తే డిక్కీలో నీళ్ళు నిలుస్తాయి. రివర్స్ గేరు దానికి మనసైతేనే పడుతుంది. ఏసీ మాత్రం చలికాలంలో అద్భుతంగా పనిచేస్తుంది."

"అవన్నీ ఆయనకెందుకు?" అంది భార్య.

"డాక్టరు దగ్గర రోగం దాస్తామా ఏంటి? ఇతను బయట చెప్పడులే. చెప్పవుగా?"

"నేనింకెవరికి చెప్తానండీ," అంది సీటు కింది గొంతు.

ఆయన ఊడిన కేబులుకి, ఆవిడ వెతికిచ్చిన రబ్బరు గొట్టం ముక్క తొడిగి, గట్టిగా లోపలికి నొక్కి, "ఇప్పుడు చూడండి," అన్నాడు.

సీటు బుద్ధిగా వెనక్కి జరిగింది. హెడ్‌క్లర్కు కడుపారా ఊపిరి పీల్చుకున్నాడు.

ఆవిడ టీ ఇచ్చింది. ఆయన చేతులు కడుక్కుని, నిలబడే తాగాడు. డబ్బులివ్వబోతే వద్దన్నాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, సంచీ తగిలించుకుని వెళ్ళిపోయాడు.

"వట్టి మాలోకంలా ఉన్నాడు," అంటూ హెడ్‌క్లర్కు కారు తళతళలాడేలా తుడిచాడు. సీట్లో దర్జాగా వాలి కొనేవాడి కోసం కూర్చున్నాడు.

కాసేపటికి గేటు ముందు స్కూటర్ ఆగింది. పనిముట్ల పెట్టె పట్టుకుని, చెమటలు కక్కుకుంటూ ఒకతను దిగాడు.

"దారిలో పంక్చరైంది సార్. ఏదీ, ఆ సీటు?"

మొగుడూపెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అంతలో ఫోన్ మోగింది. ఆవిడ తమ్ముడు.

"బావా, ఆయన వచ్చి చూసుకుని వెళ్ళారట. అక్క ఇచ్చిన టీ చాలా బాగుందట. కారు మాత్రం వద్దన్నారు, అందులో నమ్మదగ్గది తను బిగించిన సీటొక్కటేనట."