ఎదురింటావిడ తిట్లు

ఎవరో ఒక ముసలమ్మ తిట్టకపోతే కాయెతన్ ఉద్యోగం ఊడేలా ఉంది.

అతను పనిచేసే ప్రయాణాల కంపెనీ కోటలూ చర్చిలూ చూపించదు. పాత క్రాకోవ్‌లో వారం రోజులకు ఓ ఇల్లు ఇస్తుంది. ఎప్పుడు లేవాలో, ఎక్కడ తిరగాలో అంతా వచ్చినవాళ్ళ ఇష్టం. కంపెనీ ఇచ్చే హామీ ఒక్కటే: తాతల నాటి నుంచీ అక్కడే ఉన్న క్రాకోవ్ వాళ్ళ మధ్య, వాళ్ళలో ఒకరిగా బతకొచ్చు.

చిక్కల్లా, ఆ పాత మేడల్లో క్రాకోవ్ వాళ్ళే లేరు. ఇళ్ళు అద్దెకిచ్చుకుని ఒక్కొక్కరే ఊరి చివర అపార్ట్‌మెంట్లకు పోయారు. మిగిలిన ఆఖరి ముసలాయన కూడా చలికాలంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు.

"పొరుగువాళ్ళు లేరని నాకు చెప్పకు," అంది యజమానురాలు సబీనా. "కిందటిసారి వచ్చినవాళ్ళు నానా మాటలూ అని పోయారు. ఈ వారం కూడా అంతే అయితే, వాళ్ళ వెనకే నువ్వూ పెట్టె సర్దుకో."

కాయెతన్ లుబ్లిన్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కుర్రాడు. ఇంట్లో భార్యకు నెలలు నిండాయి. పొరుగువాళ్ళను మాత్రం ఎక్కడి నుంచి పట్టుకొస్తాడు?

శనివారం గ్దీనియా నుంచి ఆరుగురు దిగారు. అందరూ ఓడరేవులో పనిచేసి రిటైరైనవాళ్ళు. "మనం గ్దీనియా వాళ్ళమని ఎవరూ నోరు జారకండి. ఇక్కడివాళ్ళలో కలిసిపోవాలి," అని వాళ్ళ పెద్ద గెరార్ద్ అందరికీ ముందే చెప్పాడు. వస్తూనే కిటికీలన్నీ బార్లా తెరిచి వాకిలంతా కలయజూశాడు.

"ఏవోయ్, పొరుగువాళ్ళేరీ? ఒక్కళ్ళూ కనపడరే."

"ఉన్నారండీ... చర్చికి వెళ్ళుంటారు."

"శనివారం మధ్యాహ్నం పూటా?"

అంతలో ఎదుటి మేడ మీద కిటికీ ధడాలున తెరుచుకుంది. పూల గౌనులో ఓ ముసలావిడ సగం బయటికి వంగింది.

"అన్ని కిటికీలూ ఒక్కసారే తెరిచారేం? గాలి కొట్టి మెడలు పట్టేస్తాయ్. ఇంతింత వయసులొచ్చాయి, చెప్పేవాళ్ళు లేరా మీకు?"

ఆరుగురి మొహాలూ చాటంతయ్యాయి. గెరార్ద్ భార్య బోజెనాకు కళ్ళలో నీళ్ళే తిరిగాయి. "సొంత మనిషిలా తిట్టిందండీ," అంది.

ఆవిడెవరో కాయెతన్‌కు తెలియదు. ఊరి చివరికి పోయినవాళ్ళలో ఎవరో తిరిగొచ్చారనుకున్నాడు. అడిగి చెడగొట్టుకోవడం ఎందుకని ఊరుకున్నాడు.

ఆవిడ పేరు లియోకాదియా. ఆ వారమంతా తిట్లకు కరువు లేదు. వట్టి కాళ్ళతో గచ్చు మీద నడుస్తారా అని తిట్టింది. తడి తలతో వీధిలోకి పోతారా అని తిట్టింది. చారు చల్లారనిచ్చినందుకు బోజెనాను విడిగా తిట్టింది. ఆరుగురూ బుద్ధిగా ఇంటి చెప్పులు తొడుక్కుని తలలు తుడుచుకున్నారు.

ఒకరోజు వాకిట్లో భోంచేస్తుంటే గెరార్ద్ చేతిలోని గసగసాల కేకు జారి బీట్‌రూట్ చారులో పడింది. పారేయడానికి మనసొప్పక అలాగే తినేశాడు. మర్నాడు లియోకాదియా కిటికీలో కూర్చుని, కేకు చారులో ముంచుకుని, ఆముదం తాగిన మొహంతో తింది.

"చూశారా? నేను పొరపాటున చేసిందే ఇక్కడి ఆచారం," అన్నాడు గెరార్ద్.

ఇక అందరూ ముంచుకునే తిన్నారు. కాయెతన్ కూడా ఓ ముక్క ముంచుకుని మింగాడు. తరవాత వచ్చేవాళ్ళకు ఈ పాత ఆచారం గురించి తప్పక చెప్పాలనుకున్నాడు.

తివాచీ సంగతీ అంతే. వైను ఒలికిందని బోజెనా దాన్ని వాకిట్లో ఇనప దండెం మీద వేసి బాదింది. సాయంత్రం లియోకాదియా కూడా తన తివాచీ దించి, దుమ్ము లేకపోయినా బాదింది. అది మొదలు ఆవిడ ఆపితే వీళ్ళూ, వీళ్ళు ఆపితే ఆవిడా. తివాచీలకు పోగులు లేచాయి.

శుక్రవారం ఆ కిటికీ తెరుచుకోలేదు. కాయెతన్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి.

"మనమేమైనా తప్పు చేశామా?" అని బోజెనా బెంగపెట్టుకుంది.

"అన్నీ బుద్ధిగా చేస్తుంటే ఆవిడ మాత్రం ఏమని తిడుతుందండీ? కిటికీలు తెరవండి," అన్నాడు కాయెతన్.

కిటికీలతో పాటు తలుపులూ తెరిచారు. గాలి ఇంట్లో ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకుపోయింది. కాసేపటికి గెరార్ద్ మెడ నిజంగానే పట్టేసింది. ఎదుటి కిటికీ తెరుచుకుంది.

"చెప్పానా?" అంది లియోకాదియా.

వంకర మెడతోనే గెరార్ద్ చప్పట్లు కొట్టాడు.

శనివారం వాళ్ళు పెట్టెలతో బయలుదేరితే ఆవిడ కిటికీలోంచి చెయ్యి ఊపింది. "ఊరికెళ్తున్నారా? వెళ్ళిరండి. కిటికీలు మూసి మరీ వెళ్ళండి." బోజెనా వీధి మలుపు దాకా కళ్ళు తుడుచుకుంటూనే నడిచింది.

సబీనా ఫోను చేసింది. "వాళ్ళు నిన్ను ఆకాశానికెత్తేస్తున్నారు. ఆ ముసలావిడను వదలకు. ఎండాకాలమంతా ఆవిడ చేత తిట్టించు, నీ ఉద్యోగానికి నాది పూచీ."

కాయెతన్ అక్కడి మర్యాద ప్రకారం బేసి లెక్కన పూలు కొనుక్కుని ఆవిడ తలుపు తట్టాడు. ఆవిడ తలుపు తియ్యగానే చేతులు పట్టుకున్నాడు.

"మామ్మగారూ, సాయంత్రం ఎదుటింట్లోకి కొత్తవాళ్ళు దిగుతున్నారు. వాళ్ళనీ ఇలాగే నాలుగు తిట్టాలి. మా ఆవిడకు ఈ నెలలోనే కాన్పు. మీరు కాదంటే మేం రోడ్డున పడతాం."

లియోకాదియా పూలు అందుకుని, మొహమాటంగా నవ్వింది.

"ఉండాలనే ఉంది బాబూ, కానీ మా కంపెనీ వాళ్ళిచ్చిన వారం ఇవాళ్టితో అయిపోయింది, ఆ ఎదుటింటి క్రాకోవ్ వాళ్ళు మాత్రం నేను పరాయి ఊరిదాన్నని ఒక్కనాడూ పసిగట్టకుండా నన్ను తమలో కలిపేసుకున్నారు."