ముందు స్క్రూ

ఆ శనివారం తుపాకీల దుకాణంలో కర్ట్ గొంతు ఒక్కటే వినిపిస్తోంది.

"ఉన్నవాటిలో పెద్ద స్కోప్ తియ్యి డెల్బర్ట్. చిన్నాచితకా నాకు చూపించకు."

పదిహేడేళ్లుగా ఏటా దరఖాస్తు పెడుతుంటే ఈ ఏడు దక్కింది కర్ట్‌కి, కొండపొట్టేలు వేటాడే పర్మిట్. ఆ కొండలకు ఈసారి ఇచ్చిందే ఒక్క పర్మిట్. ఇది చేజారితే ఇంకోటి వచ్చేసరికి అతనికి కొండెక్కే ఓపిక ఉండదు. లాటరీ డ్రాలో నా పేరొచ్చిందని ఊరందరికీ చెప్పుకున్నాడు. విన్నవాళ్లకే మళ్లీ చెప్పుకున్నాడు.

దుకాణదారు డెల్బర్ట్ తుపాకీ మీద బిగించి గురి చూసే స్కోపులు రెండు బల్ల మీద పెట్టాడు. ఒకటి సన్నది, ఒకటి సీసా అంత లావు.

"నాలుగు వందల గజాల లోపుకి ఈ సన్నది చాలు. బరువుండదు."

"నాలుగు వందలు పిల్లలు కొడతారు. నేను కొట్టేది ఏడు వందలు."

పొయ్యి పక్క బెంచీ మీద కూచున్న ముసలావిడ చిన్నగా నవ్వింది. మగవాళ్ల కోటు, మట్టి బూట్లు. కర్ట్ ఆవిడని కిందినుంచి పైదాకా చూశాడు.

"ఏం పెద్దమ్మా, నవ్వొస్తోందా?"

"ఆ లావుదాన్ని పట్టి నిలపడానికి ఎత్తు రింగులు వెయ్యాలి నాయనా. అప్పుడు చెంప తుపాకీకి ఆనదు, మెడ సాచి చూడాల్సొస్తుంది. సన్నది తీసుకో."

"ఊలు ఉండలు పక్క కొట్లో అమ్ముతారు. వెళ్లి అల్లుకో."

ఎవరూ నవ్వలేదు. అందుకని తనే నవ్వుకున్నాడు. డెల్బర్ట్ ఏదో అనబోతే, వద్దన్నట్టు ఆవిడ తల ఊపింది.

కర్ట్ లావుదే తీసుకున్నాడు.

"తుపాకీ ఇక్కడ వదిలెయ్, సోమవారానికి బిగించి ఇస్తా," అన్నాడు డెల్బర్ట్.

"నాలుగు స్క్రూలకి సోమవారం దాకా ఎవడాగుతాడు. ఇలా పడెయ్."

పొట్లంలో రెండు పొడుగు స్క్రూలు, రెండు పొట్టివి. ఏది ఎక్కడ వెయ్యాలో పక్కనే కాగితం ఉంది. కాగితాలు చదవడం చేతకానివాళ్ల పని అని కర్ట్ అభిప్రాయం. తుపాకీ మీద స్కోప్ కూచునే బేస్ పెట్టి, చేతికందిన స్క్రూ అందిన చోట బిగించుకుంటూ పోయాడు.

ముసలావిడ లేచి దగ్గరికొచ్చింది.

"అన్నిటికన్నా ముందున్న కన్నంలో పొడుగుది వేశావు. అది లోపల తుపాకీ గొట్టానికి తగిలి ఆగిపోతుంది. బిగిసినట్టే ఉంటుంది గాని బేస్‌ని పట్టుకోదు. పొట్టిది వెయ్యి."

"రాయిలా బిగిసింది. నీ కళ్లద్దాలు మార్చుకో."

"ఇక్కడ బాగానే ఉంటుంది. రేంజిలో గురి సరిచూసుకున్నప్పుడూ బాగానే కొడుతుంది. నలభై మైళ్లు రాళ్లదారిలో పోయాక వదులవుతుంది. పోనీ, కొండ కింద దిగాకైనా ఒక తూటా కాల్చి గురి చూసుకో."

"ఆ చప్పుడుకి పొట్టేళ్లన్నీ పారిపోవాలి. అంతేగా నీకు కావల్సింది. ఇంతకీ నువ్వెన్ని కొట్టావు ముసలమ్మా?"

"ఒక్కటీ లేదు."

"మరి నోరెందుకు?"

ఆవిడ కోటు గుండీలు పెట్టుకుంది. ముఖంలో కోపం లేదు. "పెద్ద కొమ్ములది కనబడితే తొందరపడకు. పక్కకి తిరిగేదాకా ఆగు," అని చెప్పి వెళ్లిపోయింది.

"దుకాణంలో ఎవర్ని పడితే వాళ్లని కూచోబెట్టకు," అన్నాడు కర్ట్ డెల్బర్ట్‌తో.

మర్నాడు రేంజిలో మూడు తూటాలూ అరచేయంత చోట పడ్డాయి. చూశారా అన్నాడు, చూసేవాళ్లు లేకపోయినా.

వేట మొదలయ్యాక ఎనిమిదో రోజున కనబడింది పొట్టేలు. సుడి తిరిగిన కొమ్ములు. మూడు వందల ఎనభై గజాలు. పక్కకి తిరిగి, కదలకుండా నిలబడింది. అంతకన్నా ఏ వేటగాడూ ఎక్కువ కోరుకోడు.

మొదటి తూటాకి దానికి ఎడమవైపు దుమ్ము లేచింది. రెండోదానికి ఇంకాస్త ఎడంగా లేచింది. మూడోది ఎటు పోయిందో తెలియలేదు. పొట్టేలు అవతలి వాలులోకి దిగిపోయింది.

తర్వాత మంచు పడింది. గడువు ముగిసేదాకా కర్ట్‌కి కొండపొట్టేలు తోక కూడా కనబడలేదు.

తిరిగొచ్చి తుపాకీని డెల్బర్ట్ బల్ల మీద పడేశాడు.

"చెత్త స్కోప్ అంటగట్టావు. నా పదిహేడేళ్లు బూడిదలో పోసినట్టయింది."

డెల్బర్ట్ స్కోప్ విప్పాడు. బేస్‌ని వేలితో నొక్కితే కదిలే పన్నులా ఊగింది. ముందు స్క్రూ తీసి కర్ట్ అరచేతిలో పెట్టాడు. పొడుగుది. కొస అరిగి మెరుస్తోంది.

కర్ట్ దాన్ని వేళ్లతో తిప్పి చూశాడు.

"ఆ ముసలావిడ..." అన్నాడు. "తుపాకీలు చేసేదా?"

"స్కూలు బస్సు నడిపేది. పేరు గ్రాసియానా. తన తుపాకీ తనే బిగించుకుంటుంది."

"ఒక్క పొట్టేలూ కొట్టలేదంది కదా."

"పర్మిట్ లేందే ఎలా కొడుతుంది?" డెల్బర్ట్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "డ్రాలో వచ్చిందని ఊరంతా చెప్పావు గాని కర్ట్, నీ పేరు డ్రాలో రాలేదు. ముందు వచ్చినవాళ్లు వదులుకుంటే, జూలైలో ఫోన్ చేసి నీకిచ్చారు. అవునా?"

కర్ట్ స్క్రూని బల్ల మీద పెట్టేశాడు.

"గ్రాసియానా ఇరవై ఆరేళ్లు దరఖాస్తు పెట్టింది. ఈ మే నెలలో వచ్చింది. జూన్‌లో డాక్టరు గుండె చూసి కొండెక్కొద్దన్నాడు. దాచుకుంటే ఎవరికీ కాకుండా పోతుందని తిరిగిచ్చేసింది," అన్నాడు డెల్బర్ట్. "ఆ రోజు ఇక్కడికొచ్చింది, తన పొట్టేలు ఎవరికి దక్కిందో ఒకసారి చూసిపోదామని."